క్రెడిల్ మీద వేలు

2008 వానాకాలం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ అప్పుడు ఒకే జిల్లా కింద ఉండేవి. నేను గద్వాలలో ఒక కంప్యూటర్ షాపులో సర్వీసు పని చూసేదాన్ని. మా యజమాని ఇంటర్నెట్ ఫోన్ల డీలర్‌షిప్ తీసుకున్నాడు. తీసుకున్నది ఆయన, ఎండలో వానలో బస్సులు పట్టుకొని ఆ మూడు ఊళ్లూ తిరిగేది నేను. అప్పట్లో ఆ పని మీద ఆడమనిషి వస్తే, వెనక ఇంకెవరైనా మెకానిక్ వస్తున్నాడేమోనని గేటు దాకా చూసేవాళ్లు. ఎవరూ రారని తెలిశాక మంచినీళ్లు ఇచ్చేవాళ్లు.

మేం అమ్మే వస్తువును అడాప్టర్ అంటారు. అరచేతి కన్నా కాస్త పెద్దదైన నల్లటి డబ్బా. ఒక పక్క బ్రాడ్‌బ్యాండ్ వైరు పెట్టి, ఇంకో పక్క ఇంట్లో ఉన్న మామూలు ఫోను తగిలిస్తే, మాట ఇంటర్నెట్ మీదుగా వెళుతుంది. రెండు చోట్లా ఒకే కంపెనీ డబ్బా ఉంటే వాటి మధ్య ఎంతసేపు మాట్లాడినా బిల్లు రాదు. దాన్ని చూసే కొనేవాళ్లు. డబ్బాతో పాటు కాలింగ్ ఫీచర్లు చాలా వచ్చేవి. ఒక కాల్‌లో ఉండగా ఇంకో కాల్ వచ్చిందని చెప్పే కాల్ వెయిటింగ్, వచ్చిన కాల్‌ను వేరే నంబరుకు పంపే కాల్ ఫార్వర్డింగ్, ఒక్క బటన్‌తో ఒక మనిషిని పిలిచే స్పీడ్ డయల్, వద్దనుకున్న నంబరును రానివ్వని కాల్ బ్లాకింగ్. డబ్బాకు ఒక వెబ్ పేజీ ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో దాన్ని తెరిచి ఇవన్నీ మార్చాలి.

ఈ ఫీచర్లు కనిపెట్టినవాళ్లు మనుషులను కలపడానికే కనిపెట్టి ఉండొచ్చు. నన్ను పిలిచినవాళ్లలో సగం మంది మాత్రం ఎవరో ఒకరిని తప్పించుకోవడానికే అడిగేవాళ్లు. వనపర్తిలో ఒక ఎరువుల వ్యాపారి భోజనం వేళకు డు నాట్ డిస్టర్బ్ పెట్టించుకున్నాడు. దాన్ని తీయడం మరచిపోయి, తనకు ఎవరూ ఫోన్ చేయడం లేదని మా షాపు మీదికి తగువుకొచ్చాడు. నాకు ఓపిక తక్కువ. అయినా ఆయనకు నవ్వకుండా సమాధానం చెప్పాను, అది నా గొప్పే.

ఇక రాఘవన్న సంగతి. ఆయన గద్వాలలో పత్తి విత్తనాల ఆర్గనైజర్. అంటే మల్దకల్, గట్టు వైపు రైతుల చేత విత్తనం పత్తి వేయించి, పంటను కంపెనీకి అప్పజెప్పే మనిషి. ఆ చేలలో క్రాసింగ్ అనే పని ఉంటుంది. ఆడ వరుసలోని మొగ్గలను సాయంత్రం విప్పి, మగ భాగం తీసి పెట్టుకొని, మరుసటి ఉదయం మగ పువ్వు పుప్పొడిని చేత్తో అద్దాలి. ఆ ఉదయం దాటితే ఆ పువ్వు విత్తనానికి పనికిరాదు. అందుకని పూత మొదలయ్యే నాటికి కూలీలు చేను దగ్గరే మకాం ఉండాలి. ఆ కూలీలను బిజినేపల్లి వైపు ఊళ్ల నుంచి పోగుచేసి పంపేది రాఘవన్న భార్య అనసూయక్క తమ్ముడు శ్రీను. అతని ఆఫీసు నాగర్‌కర్నూల్‌లో. బావ దగ్గర ఒక డబ్బా, బావమరిది దగ్గర ఒక డబ్బా. రెండూ హైదరాబాద్ నుంచి వచ్చిన డబ్బా కంపెనీ మనుషులే బిగించి వెళ్లారు.

ఒకరోజు పొద్దున్నే రాఘవన్న షాపుకు ఫోన్ చేసి రమ్మన్నాడు. వెళ్లేసరికి వరండాలో కుర్చీ అంచున కూర్చొని ఉన్నాడు.

"రా పద్మా. ఒక నంబరు నా ఫోన్‌కు రాకుండ చెయ్యాలె."

"ఏ నంబరన్నా?"

"నాగర్‌కర్నూల్ది."

"అది శ్రీనన్నది గద?"

"వానిదే. నేను మాట్లాడుతుంటనే మధ్యల కట్ చేస్తుండు. ఒక దినం గాదు, నెల సంది గిదే కత. మల్ల నొక్కితే ఎంగేజ్ వస్తది. రిసీవర్ తీసి పక్కన పెడ్తుండు. బావ అంటె గింత లెక్క లేదా? ఇంకొకటి, స్పీడ్ డయల్ రెండో బటన్ మీద వాని నంబరు తీసేసి వనపర్తి మేస్త్రీది పెట్టు. కూలోళ్లను ఈసారి ఆయననే పంపిస్తడు."

వనపర్తి మేస్త్రీ అప్పటికి మనుషులను పంపుతానని మాట ఇవ్వలేదని నాకు తర్వాత తెలిసింది. గట్టులో పూత అప్పుడే మొదలైంది. కూలీలు రాకపోతే రైతులు నష్టపోయేది ఆ ఏటి పంట, రాఘవన్న పోగొట్టుకునేది వాళ్ల నమ్మకం. ఇంట్లో అనసూయక్కకు ఇంకో బాధ. నంబరు ఆగిందంటే తమ్ముడి రాకపోకలు కూడా ఆగినట్టే. ఆమె టీ తెచ్చి సాసరును బల్ల మీద కాస్త గట్టిగానే పెట్టింది.

"పెట్టు చెల్లె. నా తమ్మునిది తీసి వనపర్తాయనది పెట్టు. దసరాకు నాకు చీర గుడ గాయననే తెస్తడు గద," అంది.

"నువ్వు లోపలికి పో," అన్నాడు రాఘవన్న. ఆమె పోలేదు. గడప మీదే కూర్చుంది.

ఒక నంబరును బ్లాక్ చేసే ముందు, ఆ నంబరుతో ఒకసారి మాట్లాడించి లైను చూడటం నా పద్ధతి. లైను బాగానే ఉందని ఇద్దరి ముందూ తేలాక బ్లాక్ చేస్తే, తర్వాత ఏ తగాదా వచ్చినా నా పని మీదికి రాదు. రాఘవన్న ఒప్పుకోలేదు. "నేను వానితోని మాట్లాడ," అన్నాడు. చూడనివ్వకపోతే చేయనని నేనూ మొండికేశాను. చివరికి నేనే ఫోన్ కలిపాను.

"హలో, బావా?" అన్నాడు శ్రీను.

"బావ కాదు శ్రీనన్నా, షాపు పద్మను. లైను చూస్తున్న."

"జర మంచిగ చూడు చెల్లె. మా బావకు నచ్చని మాట వచ్చినప్పుడల్లా తెగుతది గా లైను."

ఇక్కడ రాఘవన్నేమో శ్రీను కట్ చేస్తున్నాడని, అక్కడ శ్రీనేమో రాఘవన్న కట్ చేస్తున్నాడని. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతుండాలి, లేదా డబ్బాలో ఏదో ఉండాలి. నాకు ఆసక్తి పుట్టింది. మనుషుల సంగతి నాకు పట్టదు గానీ, డబ్బా సంగతి తేలకుండా నిద్ర పట్టదు. లైను చూడటానికి కూలీల లెక్కలైనా మాట్లాడమని రిసీవర్ రాఘవన్న చేతిలో పెట్టి, ల్యాప్‌టాప్‌లో డబ్బా స్టేటస్ పేజీ తెరిచి కూర్చున్నాను.

ఇద్దరూ పొడిపొడిగా మొదలుపెట్టారు. ఎంత మంది, ఏ ఊరి వాళ్లు, బండి ఎప్పుడు. నాకు ఒక వైపు మాటలే వినిపిస్తున్నాయి. పక్క గదిలో రాఘవన్న గుమాస్తా కంప్యూటర్‌లో కంపెనీకి చేల ఫోటోలు పంపుతున్నాడు. బ్రాడ్‌బ్యాండ్ అంతా అటు పోతోంది. అలాంటప్పుడు ఇంటర్నెట్ ఫోనులో మాట ముక్కలవుతుంది.

"ఏందీ? ఏమన్నవ్? హలో... హలో..." అన్నాడు రాఘవన్న. అంటూనే ఎడమ చేతి వేలితో క్రెడిల్‌ను, అంటే రిసీవర్ పెట్టేచోట ఉండే మీటను, టక్కున నొక్కి వదిలాడు. ఆ వెంటనే రిసీవర్‌ను నా వైపు చాపాడు.

"చూసినవా? నీ ముంగటనే కట్ చేసిండు. విను."

చెవి దగ్గర పెట్టుకుంటే బుయ్‌మని డయల్ టోన్ వస్తోంది. కాల్ తెగిపోతే ఏది వినిపిస్తుందో అదే. కానీ స్టేటస్ పేజీలో కాల్ తెగలేదు. కాల్ వివరాల వరుసలో 'హోల్డింగ్' అని ఉంది. అంటే అవతలి మనిషి ఇంకా లైనులోనే ఉన్నాడు, అతన్ని ఇక్కడి నుంచే పక్కన నిలబెట్టారు.

నేను క్రెడిల్‌ను మళ్లీ ఒకసారి నొక్కి వదిలి, ఫోనులో స్పీకర్ బటన్ వేశాను.

"...హలో? హలో? బావా, మల్ల కట్ చేసినవా? నేనేమన్న తప్పు మాట్లాడిన్నా?" శ్రీను గొంతు వరండా అంతా వినిపించింది.

రాఘవన్న ఫోను వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు. అనసూయక్క గడప మీద నుంచి లేచి నిలబడింది.

సంగతి ఇది. పాత రోజుల్లో ట్రంక్ కాల్ మధ్యలో గొంతు పోతే క్రెడిల్‌ను కొట్టేవాళ్లు. ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ ముందు లైటు వెలిగేది, ఆపరేటర్ మధ్యలోకి వచ్చి లైను సరిచేసేవాడు. ఆ కాలంలో ఫోను పట్టిన పెద్దమనుషులందరికీ ఆ అలవాటు వేలికి పట్టుకుపోయింది. ఆపరేటర్లు పోయారు, వేలు మాత్రం మానలేదు. మా డబ్బాకు ఆ నొక్కుడు వేరే అర్థం. దాన్ని హుక్ ఫ్లాష్ అంటారు. క్రెడిల్‌ను క్షణం నొక్కి వదిలితే, 'ఇప్పుడు మాట్లాడే మనిషిని ఆపి ఉంచు, నేను ఇంకొకరికి ఫోన్ చేసుకోవాలి' అని డబ్బా అనుకుంటుంది. అవతలి వాళ్లను హోల్డ్‌లో పెట్టి ఇవతల డయల్ టోన్ ఇస్తుంది. ఆ టోన్ విని, శ్రీనే కట్ చేశాడని రాఘవన్న అనుకునేవాడు. కోపంగా రెండో బటన్ నొక్కితే, శ్రీను ఇంకా పాత కాల్‌లోనే 'హలో హలో' అంటుంటాడు, అతని డబ్బాలో కాల్ వెయిటింగ్ పెట్టలేదు గనక ఎంగేజ్ వచ్చేది. అక్కడ శ్రీనుకు మాట మధ్యలో ఏ చప్పుడూ లేకుండా అంతా నిశ్శబ్దమయ్యేది.

ఇదంతా స్పీకర్‌లో ఇద్దరికీ వివరంగా చెప్పాను. నెల రోజులుగా ఎవరూ ఎవరి ఫోనూ కట్ చేయలేదని, తప్పు డబ్బాదేనని అన్నాను. చెబుతూ నాకు నేను కాస్త పెద్దమనిషిలా కూడా అనిపించాను.

అవతల కాసేపు ఏమీ వినిపించలేదు. మళ్లీ హోల్డ్‌లో పడిందేమోనని స్క్రీన్ చూశాను. పడలేదు. శ్రీను ఆలోచిస్తున్నాడంతే.

"అయితె చెల్లె, హోల్డ్‌ల పెడితె నాకు ఏ సప్పుడు రాదా?"

"రాదు."

"నిజంగ ఫోన్ పెట్టేస్తె?"

"వెంటనే టూ టూ అని వస్తది."

"ఆ," అన్నాడు. కొంచెం ఆగి, "బావా, అయితె అన్నిసార్లు డబ్బనే చేసిందన్నట్టు," అన్నాడు.

అది ప్రశ్నో మాటో నాకు అర్థం కాలేదు. ల్యాప్‌టాప్‌లో హుక్ ఫ్లాష్ ఆపే పేజీ వెతుక్కుంటున్నాను. రాఘవన్నకు అంతకన్నా మంచి అవకాశం దొరకదు. 'అవును, డబ్బనే' అంటే అక్కడితో అయిపోయేది. నెల రోజుల కోపం, మాటలు, వనపర్తి మేస్త్రీ, అన్నీ ఆ నల్ల డబ్బా మీదికి పోయేవి. డబ్బా ఎలాగూ ఎదురు చెప్పదు.

రాఘవన్న భార్య వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. ఫోను వైపే చూస్తూ అన్నాడు.

"అన్నీ గాదు శ్రీను. నువ్వు షెడ్డు సంగతి మొదటిసారి ఎత్తిన దినం నేనే పెట్టేసిన."

"తెల్సు బావా."

"తెల్సా?"

"ఇప్పుడే తెల్సింది. చెల్లె చెప్పినంక. ఆ ఒక్క దినమే నా మాట కాంగనే టూ టూ అన్నది. మిగతప్పుడు సప్పుడు లేకుండె. నువ్వు చెప్తవో చెప్పవో అని చూసిన."

అనసూయక్క కొంగుతో మొహం తుడుచుకుంది.

షెడ్డు సంగతి ఏమిటో అప్పుడు విన్నాను. కిందటి ఏడాది గట్టు చేలలో కూలీ ఆడవాళ్లు టార్పాలిన్ కిందే పడుకున్నారు. వాన తగులుకుంది. గుంపును నడిపే మరియమ్మ అనే ఆమె కోడలికి జ్వరం వచ్చి, గద్వాల దవాఖానకు మోసుకురావాల్సి వచ్చింది. వచ్చే ఏటికి రేకుల షెడ్డు వేయిస్తానని రాఘవన్న మాట ఇచ్చాడు. వేయించలేదు. షెడ్డు లేకుండా గుంపు కదలదని మరియమ్మ తేల్చి చెప్పింది. శ్రీను ఆ మాటే బావకు అందించాలని నెల రోజులుగా ప్రయత్నిస్తున్నాడు. కాల్ మామూలు మాటల మధ్య కూడా చాలాసార్లు తెగి ఉంటుంది. అవి ఎవరికీ గుర్తుండవు. షెడ్డు మాట మీద తెగినవి మాత్రం శ్రీనుకు ఒక్కొక్కటే గుర్తున్నాయి.

"నా తాన జవాబు లేకుండె శ్రీను. గందుకే పెట్టేసిన," అన్నాడు రాఘవన్న. "రేకులు ఇయ్యాలనే గట్టుకు తోలిస్త. నువ్వు కూలోళ్లకు బండి మాట్లాడు."

"నేను మాట్లాడ బావా. మరియమ్మ నా మాట నమ్మదు. నేను నీ మనిషినని అంటది. రేకులు పడ్డంక ఆమెను మా ఆఫీసుకు పిలిపిస్త. నువ్వే చెప్పాలె."

రాఘవన్న సరేనన్నాడు. నేను ఇక నా పనిలో పడ్డాను. హుక్ ఫ్లాష్, కాల్ వెయిటింగ్ ఆపేశాను. కోడెక్ మార్చాను. కోడెక్ అంటే మాటను ఇంటర్నెట్ మీద పంపడానికి ఎంత కుదించాలో చెప్పే పద్ధతి. ఎక్కువ కుదిస్తే గొంతు కాస్త రేకు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది గానీ ముక్కలు కావడం తగ్గుతుంది. అంతా అయ్యాక, నంబరు బ్లాక్ చేయాలా అని పని పద్ధతిగా అడిగాను.

"మల్ల అడుగుతవా?" అన్నాడు రాఘవన్న చిరాకుగా.

"వనపర్తాయన చీర మరి?" అని నవ్వింది అనసూయక్క. నెల తర్వాత ఆ ఇంట్లో నవ్వడం అదే మొదలనుకుంటాను. రాఘవన్న మాత్రం నవ్వలేదు.

కొన్నాళ్లకు, కొత్త కోడెక్‌తో లైను ఎలా ఉందో చూడటానికి మళ్లీ వెళ్లాను. సరిగ్గా ఆ పొద్దున మరియమ్మ నాగర్‌కర్నూల్ ఆఫీసుకు వచ్చి ఉంది. రిసీవర్ పక్కన పెట్టి స్పీకర్‌లోనే మాట్లాడమని రాఘవన్నకు చెప్పి, నేను స్క్రీన్ ముందు కూర్చున్నాను. వరండాలో రాఘవన్న గొంతు సవరించుకున్నాడు.

"మరియమ్మా, రేకులు ఏసినం. ఇగ గుంపును తీసుకొని రా."

"ఏసినరని శ్రీను సారు చెప్పిండు. తలుపున్నదా సారూ?"

"తలుపా?"

"మేం పండుకునేది ఆడోళ్లం. రేకులు వానను ఆపుతయి. రాత్రి పూట చేన్లకు వచ్చెటోళ్లను రేకులు ఆపుతయా?"

రాఘవన్న మొహం మాడింది. రేకులకే బోలెడు తిరుగుడైందని గొణుక్కున్నాడు. మరియమ్మ అవతల ఇంకేదో మొదలుపెట్టింది. అదే సమయంలో లైను ఒక ముక్క మింగేసింది. కోడెక్ మార్చినంత మాత్రాన మా ఊళ్ల బ్రాడ్‌బ్యాండ్ బంగారమైపోదు.

రాఘవన్న వేలు తనంతట తానే క్రెడిల్ మీదికి వెళ్లింది. టక్కున నొక్కి వదిలాడు. స్క్రీన్ మీద ఏమీ మారలేదు. డయల్ టోన్ రాలేదు. మరియమ్మ అక్కడే ఉంది.

"...కోడలు మల్ల వస్తనంటుంది సారూ. నిరుడు సావు తప్పిచ్చుకున్న పిల్ల. తలుపు లేకుంటె నేను తోల్క రాను. ఇంటున్నరా?"

ఆ వేలు కింద కాల్ నిజంగా తెంపే దారి ఇంకా ఉంది. క్షణం కాదు, కాస్త ఎక్కువసేపు నొక్కి పట్టుకుంటే చాలు. దాన్ని నేను ఆపలేదు, ఎవరూ ఆపలేరు. రాఘవన్న వేలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. రెండో చేత్తో దాన్ని పట్టుకున్నాడు.

"ఇంటున్న మరియమ్మా. చెప్పు. తలుపు పెట్టిస్త. ఇంకేం గావాల్నో గది గుడ ఇప్పుడే చెప్పు."

ఆమె చెప్పింది. చాలాసేపు చెప్పింది. ఆయన కదలకుండా విన్నాడు. తలుపు కూడా పెట్టాక ఆ గుంపు గట్టుకు వచ్చింది.

ఆ తర్వాత ఎవరైనా 'అవతలివాళ్లు ఫోన్ కట్ చేస్తున్నారు' అని పిలిస్తే, నేను ల్యాప్‌టాప్ తెరవడానికి ముందు ఒక మాట అడిగేదాన్ని. కట్ అయినప్పుడు మీకు ఏం వినిపించింది, డయల్ టోనా, టూ టూ శబ్దమా, లేక ఏమీ లేదా? చాలామంది గుర్తులేదనేవారు. కోపంలో శబ్దం ఎవరికీ గుర్తుండదు. ఆ ప్రశ్న వల్ల నా పని సులువైంది, అది ఈ కేసు నేర్పిన పనితనం. రాఘవన్న నేర్పింది ఇంకొకటి ఉంది. తప్పంతా డబ్బా మీదికి నెట్టే వీలు ఇచ్చింది నేను. ఆయన అందులో తన వాటాను తీసి తన మీదే వేసుకున్నాడు. నేను ఆపింది హుక్ ఫ్లాష్‌నే, ఫోన్ పెట్టేసే ఆ వేలిని ఆపుకున్నది ఆయనే.